బీడిల్ గుట్ట మీద సన్న గ్రావెల్

రోడ్డు చదును చేసే గ్రేడర్ బ్లేడును కాస్త వాల్చి, ఊరి రోడ్లు చూసే ఆర్మండ్, బీడిల్ గుట్ట ఎక్కుతున్నాడు. ఎక్కేటప్పుడు ఒక పక్క, దిగేటప్పుడు రెండో పక్క. రంగు ఊడిపోయిన ఆ యంత్రం నడక చూస్తే నత్తకు పెద్దన్న అనుకోవాలి. దానికి తగ్గ మనిషే ఆర్మండ్ కూడా. పొట్టి మెడ, పలకల్లాంటి అరచేతులు. ఏళ్ళ తరబడి ఒకే సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి బ్లేడును చూసుకోవడంతో నడుము కుడి పక్కకు ఒరిగిపోయింది. ఊరికే నిలబడ్డా ఎవరి చెవిలోనో రహస్యం చెప్పబోతున్నట్టే ఉంటాడు. చెప్పాల్సిన రహస్యం ఒకటి నిజంగానే ఉంది. అదే ఏడాదికి పైగా గొంతు దాటడం లేదు.

వెర్మాంట్ కొండల్లోని ఆ ఊరికి తారు రోడ్డు ఒక్కటే. తక్కినవన్నీ మేపుల్ అడవుల్లో దూరి, వాగుల వెంట పాకి, గుట్టల మీద తేలే, మట్టీ గులకరాళ్ళూ పరిచిన గ్రావెల్ దారులు. మంచు కరిగేటప్పుడు వాటి బురద సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక వసంతంలో పాల లారీ గుట్ట కింద దిగబడితే, బయటికి లాగేసరికి లోపలి పాలన్నీ వెన్నయి కూర్చున్నాయి. నమ్మనివాళ్ళకు ఆ వెన్న తిన్నవాళ్ళను చూపిస్తారు.

బురద ఆరితే చాలు, పట్నాల నుంచి సైకిళ్ళవాళ్ళు దిగుతారు. లావు టైర్లు, ఒంటికి అతుక్కున్న చొక్కాలు. గంటసేపు తొక్కినా జింక తప్ప ఎవరూ ఎదురు రాలేదని మురిసిపోతారు. ఎదురొచ్చే జింక ఏమనుకుంటుందో ఎవరూ అడగలేదు.

పోయిన ఏడాది మార్చిలో, ఊరంతా హాల్లో చేరి పన్నుల మీదా రోడ్ల మీదా వాదించుకునే రోజున, కొత్తగా ఇల్లు కట్టుకున్న సైకిలాయన ఒకడు లేచి నిలబడ్డాడు. "బీడిల్ గుట్ట దిగేసరికి నా పళ్ళు ఊడి జేబులో పడుతున్నాయండీ" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. ఆర్మండ్ కూడా నవ్వాడు గాని, చెవులు మాత్రం సాయంత్రం దాకా కాలుతూనే ఉన్నాయి.

వేసవి మొదట్లో గుట్టకు సన్న గ్రావెల్ వెయ్యాలి. ఆర్మండ్ కావాలనే కోడిగుడ్డంత కంకర తోలించాడు, అంచులన్నీ కత్తులే. అడిగినవాళ్ళకు "క్వారీవాడు పొరపాటున పంపాడు, వచ్చింది వేశాను" అని చెప్పాడు. పట్నం సైకిళ్ళు కొన్నాళ్ళు తిట్టుకుని వేరే దారి పట్టాయి. ఆర్మండ్ ఈలేసుకుంటూ గ్రేడర్ నడిపాడు.

మెరిట్ సైకిలు గుర్తొచ్చి ఉంటే ఆ ఈల వేసేవాడు కాదు.

మెరిట్ కోతమిల్లులో దుంగలు కోసి కోసి రిటైరైన మనిషి. గుట్ట మీద ఒంటరిగా ఉంటాడు. బళ్ళో ఆర్మండ్‌తో ఒకే బెంచీ. చూపు మందగించి కారు లైసెన్సు పోయాక, పాత సైకిలు మీద రోజూ గుట్ట దిగేవాడు. డోరీన్ కొట్లో కాఫీ తాగి, దొరికినవాళ్ళందర్నీ ఆటపట్టించి, సైకిలు తోసుకుంటూ పైకి పోయేవాడు. ఆ కంకర వేసిన కొద్ది రోజులకే వంపు దగ్గర ముందు చక్రం జారింది. కుడి మోచేయి విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి మునుపట్లా కాలేదు, మళ్ళీ సైకిలెక్కలేదు. మేనకోడలు గ్వెన్ సరుకులు తెచ్చిపెడుతుంటే ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆర్మండ్ సూపు పట్టుకుని చూడబోయాడు. "ఆ క్వారీవాడు..." అని మొదలుపెట్టాడు.

"పోనీలేరా" అన్నాడు మెరిట్.

కంకర తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆర్మండ్ దాన్ని తియ్యలేదు. ఒక చలికాలం దాని మీద మంచు కురిసింది, కరిగింది. కంకర అలాగే ఉంది.

ఈ ఉదయం కాఫీ పోస్తూ డోరీన్ అంది: "ఏమయ్యా, నీ నేస్తం వెళ్ళిపోతున్నాడు, తెలుసా?"

"ఏ నేస్తం?"

"మెరిట్. నది అవతల ముసలివాళ్ళ ఆశ్రమానికి. ఒంటిచేత్తో ఇంకో చలికాలం గడపలేడని గ్వెన్ ఇవాళ తీసుకుపోతోంది. నీకు చెప్పలేదా? రోడ్లేసేవాడికి ఎవరెటు పోతున్నారో తెలియకపోతే ఎట్లా?"

కాఫీ సగంలో వదిలేసి లేచాడు. పడమటి దారికని పోసి ఉంచిన సన్న గ్రావెల్‌ను లారీల్లో గుట్టకు మళ్ళించాడు. వంపు దగ్గర కంకరంతా గోకి పక్కకు నెట్టాడు. దారి నడుమ ఎత్తుగా, నీళ్ళు రెండు పక్కలకూ జారేలా తీర్చాడు. రోలర్ తిప్పాడు. మెరిట్ గడప దాటేలోపు దారి బాగుచెయ్యాలి, ఆ తర్వాత వెళ్ళి నిజం చెప్పెయ్యాలి. అదీ లెక్క.

సైకిలు మీద వచ్చిన ఒకావిడ రోలర్ పక్కన ఆగింది. "ఈ దారి వదిలేశాం అంకుల్. ఇప్పుడు పట్టులా చేశారు. చాలా థాంక్స్!"

ఆర్మండ్‌కు చెంప మీద కొట్టినట్టయింది. "పోండి, పోండి, గట్టిపడింది" అని తల తిప్పుకున్నాడు.

పని ఇంకా కాస్త మిగిలుండగానే గ్వెన్ కారు గుట్ట దిగి వచ్చింది. గ్రేడర్ అడ్డంగా ఉంటే ఆగింది. మెరిట్ అద్దం దించాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో దుప్పటి పెట్టుకుని ఉన్నాడు.

"ఒరేయ్ ఆర్మండ్, గవర్నరు వస్తున్నాడనుకున్నావా ఏమిటి? ఇంత నున్నగా పరిచావు!"

"వంపులో నీళ్ళు నిలుస్తున్నాయని..."

"నేను పడ్డప్పుడు నిలవలేదురా. కాస్త తడైనా ఉంటే మెత్తగా పడేవాణ్ణి."

"మామయ్యా, భోజనం వేళ దాటితే అక్కడ పెట్టరు" అంది గ్వెన్.

"ఉండవే, వీడేదో చెప్పబోతున్నాడు."

ఆర్మండ్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "క్వారీవాడు ఈసారి సరైందే పంపాడు" అన్నాడు.

మెరిట్ చూపు తక్కువ కళ్ళు చికిలించి అతణ్ణి చూశాడు. "మంచివాడే పాపం, ఆ క్వారీవాడు. ఇన్నాళ్ళూ ఉత్త పుణ్యానికి మాటపడ్డాడు" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "వెనక తలుపు గొళ్ళెం వేశానో లేదో. వెళ్ళి చూడరా. ఎలుగుబంటి దూరితే, తినడానికేమీ లేదని నన్ను తిట్టుకుంటుంది" అన్నాడు.

ఆర్మండ్ గ్రేడర్ పక్కకు తీశాడు. కారు కదిలింది. సన్న గ్రావెల్ చప్పుడు చెయ్యలేదు. వంపు దాటాక కారు ఎర్రబడ్డ మేపుల్ కొమ్మల వెనక ఒక్కసారి కనిపించి, ఇక కనిపించలేదు. మిగిలిన దారి ముక్క కూడా ఆర్మండ్ పూర్తిచేశాడు. చెయ్యకపోయినా అడిగేవాళ్ళు లేరు.

పొద్దు వాలాక నడిచి గుట్టెక్కాడు. వెనక తలుపు గొళ్ళెం వేసే ఉంది. లాగి చూశాడు, గట్టిగానే ఉంది. దాని కోసం తనను పంపలేదని అప్పుడు అర్థమైంది.

గోడ వారన మోకాలెత్తు కుప్ప. కోడిగుడ్డంత కంకర, అంచులన్నీ కత్తులే. తాను తోలించిందే. విరిగిన చెయ్యి పనికిరాక, మెరిట్ రెండో చేత్తో దారి మీంచి ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ సైకిలు మీద గుట్ట దిగగలిగేంత సందు చేసుకుందామని మోసుకొచ్చింది.

తలుపు ముందు మెట్టు మీద ఆఖరి బకెట్టు, సగమే నిండి ఉంది. దాని అంచున ఎడమచేతి తొడుగు ఒకటి, వేళ్ళ కొసలు చిరిగిపోయి.