అండాలమ్మ ఒద్దన్నది

అండాలమ్మ ట్రంకు పెట్టెను మహిపాల్ రోడ్డు మీదికి విసిరేసినప్పుడు అతని మెడలో ఉద్యమ కండువా అలాగే ఉంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ముందురోజే ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. బస్సులాపి, నడిరోడ్డున రాళ్ల పొయ్యిలు పెట్టి, జనం అక్కడే వండుకుని తిన్నారు. "ఒక్క చెయ్యి పని చెయ్యొద్దు" అని మైకులో అరిచింది దిల్‌సుఖ్‌నగర్‌లో మా లేడీస్ హాస్టల్ ఓనరు మహిపాలే. మా వంటమనిషి అండాలమ్మ ఆ మాట నమ్మింది. మీర్‌పేట్ ఆడవాళ్లతో కలిసి రోడ్డు మీద పప్పు వండింది. హాస్టల్‌లో పొయ్యి వెలగలేదు.

"సమ్మె బయట చేస్తరు అండాలమ్మా, నా కిచెన్ల కాదు."

"నువ్వే అంటివి గద సారూ, అందరు జెయ్యాలెనని."

"అందరంటే ఉద్యోగస్తులు. నీదేం ఉద్యోగం?"

వంటగది వెనక రేకుల గదే ఆమె ఇల్లు. పనితో పాటు అదీ పోయింది. నల్గొండలో తిరిగి వెళ్లడానికి ఆమెకు గోడ కూడా మిగల్లేదు.

మహిపాల్ గిన్నెలు తోమే హనుమాయమ్మ వైపు తిరిగాడు. ఆమెది గుంటూరు.

"రేపటి సంది వంట నువ్వు జెయ్యి."

"ఆవిడ పొయ్యి నేను ముట్టుకోనండి."

"ఆంధ్ర నుంచి ఒచ్చినవ్. మా లొల్లి నీకెందుకు?"

"ఎవరి లొల్లో నాకు తెలీదండి. పెట్టె బయట పడెయ్యడం మాత్రం చూశాను."

పెట్టెనూ అండాలమ్మనూ మేం హాస్టల్ డాబా మీదికి ఎక్కించాం. కోచింగులు బంద్ కాబట్టి గ్రూప్ వన్ చదువంతా అక్కడే సాగుతోంది. మాకు ప్రపంచ చరిత్ర చెప్పేది సాధన, మిర్యాలగూడ దగ్గరి పాస్టర్‌గారి కూతురు. ఆ రోజు పాఠం రోమన్ రిపబ్లిక్. బీటెక్ చదివిన నాకు అప్పటిదాకా రోమన్ అంటే ఒక ఫాంటు.

"రాజును ఎల్లగొట్టిన్రు, రిపబ్లిక్ అన్నరు. గానీ కుర్చీలన్నీ ప్యాట్రిషియన్లయే, అంటే పెద్దింటోళ్లయి. యుద్ధంల సచ్చేది ప్లెబియన్లు, మామూలు జనం" అంది సాధన.

"రాజు పోయినంక ఆళ్లకొచ్చిందేంది మరి?" నా రూమ్మేటు సౌజన్య అడిగింది.

"ఆళ్లూ గదే అడిగిన్రు. ఒకనాడు ఊరిడిచి గుట్టెక్కి కూసున్నరు. కొట్టలే, తిట్టలే. ఊరు ఆగిపోయింది. సెనేటోళ్లు ఒక పెద్దమనిషిని పంపిన్రు. మనమంతా ఒకటే ఒళ్లు, మేం కడుపు, మీరు కాళ్లుచేతులు అన్నడు."

అండాలమ్మ పెట్టె మీద కూర్చుని కొత్తిమీర తుంచుతోంది. "కడుపుకు వండేదెవరంట?" అంది.

"దిగొచ్చేముందు ట్రిబ్యూన్ అని తమ మనుషుల్ని పెట్టుకున్నరమ్మా. ట్రిబ్యూన్ ఒద్దంటే పని ఆగాలె. ఆ మనిషి మీద చెయ్యేస్తే అందరి మీద ఏసినట్టే. కాపాడింది జనం పెట్టుకున్న ఒట్టే."

సౌజన్యకు నచ్చలేదు. "మహిపాలన్న మనోడు. మనల మనమే కొట్లాడుకుంటే ఉద్యమం ఆగమైతది. రాష్ట్రం రానీ, అప్పుడడుగుదం."

"రాష్ట్రం రావాలె బిడ్డా. నేను రోడ్డెక్కింది దానికే. అది ఒచ్చినంక గూడ నా పెట్టె రోడ్డు మీదనే ఉంటదా, గది జెప్పు."

మాకూ ఒక ట్రిబ్యూన్ కావాలనుకున్నాం. అండాలమ్మ పేరు ఎత్తినప్పుడు ముందు లేచింది సౌజన్య చెయ్యే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కడానికి గుట్టల్లేవు, అపార్ట్‌మెంట్లే. అందుకని ఉద్యమం కోసం మహిపాల్ రోడ్డు పక్కన వేయించిన దీక్ష టెంటును ఎంచుకున్నాం. పొద్దున్నే హాస్టల్ మొత్తం ఖాళీ చేసి ప్లేట్లు, బియ్యం, రాళ్లు పట్టుకుని నడిచాం. అన్నం వండే పెద్ద గంజును అండాలమ్మా హనుమాయమ్మా చెరోవైపు పట్టుకున్నారు. మేం చేసిన తప్పు అదే. గంజు హాస్టల్‌ది. తిరుగుబాటుకు గిన్నె కిరాయికి తెచ్చుకోవాలని ఎవరికీ తట్టలేదు.

టెంటు ముందు ఎసరు పెట్టేసరికి మహిపాల్ మైకందుకున్నాడు. "అమ్మా, మనమంతా ఒక్క తల్లి బిడ్డలం..."

"ఒచ్చిండు, కడుపు" అంది సాధన. మేం పడీపడీ నవ్వాం. అతను మైకు దింపి పోలీసులకు ఫోన్ చేశాడు. దొంగతనమట.

ఎస్సై వచ్చాడు. "గంజు ఎవరు తెచ్చిన్రు?"

"నేనేనండి" అంది హనుమాయమ్మ.

"నేను." సౌజన్య.

"నేను." అది నా గొంతే. వెనక నుంచి ఇంకా గొంతులు.

మహిపాల్ వేలు అండాలమ్మను చూపించింది. కానిస్టేబుల్ ఆమె మీదికి చెయ్యి చాచాడు. ఆమె గరిటె అడ్డం పెట్టింది.

"ఒద్దంటున్న. అన్నం ఇంక ఉడకలే."

కానిస్టేబుల్ ఆగిపోయాడు. ఎస్సై కేకేస్తే మళ్లీ చెయ్యి చాచాడు. అప్పటికి అండాలమ్మ భుజాల మీద, చీర కొంగు మీద, జడ మీద మా అందరి చేతులున్నాయి. ఆమెనొక్కదాన్నే విడదీయలేక అందర్నీ వ్యానెక్కించారు. సాక్ష్యం కింద గంజునూ ఎక్కించారు.

"మూత తియ్యకు బిడ్డా, మగ్గనియ్యి" అంది అండాలమ్మ కానిస్టేబుల్‌తో.

స్టేషన్‌లో సాక్ష్యాన్ని అందరం తిన్నాం. కానిస్టేబుల్‌కు కూడా ఒక ముద్ద పడింది. సాయంత్రం పక్క హాస్టల్ వంటామె రెబెక్క స్టేషన్ మెట్ల మీదికొచ్చి నిలబడింది.

"అక్కా, మా ఓనరు గూడ నన్ను ఎల్లగొడతనన్నడు. రేపు ఎక్కడ కూసుందం?"

గంజు ఉంచుకుని మమ్మల్ని వదిలారు. మర్నాడు మా గల్లీలో ఏ హాస్టల్‌లోనూ పొయ్యి వెలగలేదు. పొయ్యిలన్నీ మహిపాల్ టెంటు ముందు వరసగా వెలిగాయి. మధ్యలో ట్రంకు పెట్టె. దాని మీద అండాలమ్మ, చేతిలో గరిటె.

ఈసారి గంజు కిరాయికి తెచ్చుకున్నాం.