కడిగిన పెంకు

దీపంలో నూనె తగ్గినట్టుంది, పోయాలి, నూనె అనుకోగానే మళ్ళీ ఆ పెంకే, స్వామీ, నీ ముందు కూర్చున్నా మనసు మేడ మీద గదిలోనే తిరుగుతోంది, పైన అభినయ అడుగుల చప్పుడు, యానాం నుంచి వచ్చి మా రెడ్డియార్‌పాళయం ఇంట్లో అద్దెకు దిగి రెండేళ్ళు, పాతకాలపు రోము పట్టణాల మీద, వలస వెళ్ళిన జనాల మీద పరిశోధన, ఎప్పుడో పోయినోళ్ళు ఏం తింటే మనకేంది పాపా అని నేను నవ్వితే, ఏం తిన్నారో తెలిస్తే ఎవరో తెలుస్తుందండి పిన్నిగారూ, ఇక్కడి పాత ఓడరేవు అరికమేడు తవ్వకాల్లో దొరికిన ఈ పెంకు ఇక్కడి మట్టితో చేసిన వంటకుండ ముక్కండి, ఇందులో ఆ రోమువాళ్ళ ఊరి నూనె జాడ ఉంటే, సరుకు అమ్మి ఓడెక్కిపోకుండా ఇక్కడే పొయ్యి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారన్నమాటేనండి అంది, అదంతా విని కూడా నేను, ఆమె ఊరెళ్ళిన శుక్రవారం గది ఊడుస్తూ, భూమిలోంచి తీసింది, ఏ సమాధిదో ఏమో, పూజనాడు ఇంట్లో మైల ఎందుకని ఆ పెంకు పొట్లం విప్పి, కుంకుడురసంతో నల్లటి మడ్డి పోయేదాకా రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ అలాగే చుట్టి పెట్టాను.

ఆమె తిరిగొచ్చి ఆ పొట్లం పంపిన ల్యాబు నుంచి నిన్న కబురు, ఎవరో కడిగేశారు, ఏమీ మిగల్లేదని, అభినయ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, తవ్వకాల్లో పెంకులు కడిగే అయ్యనారేనండి, దీన్ని ముట్టుకోవద్దని చెప్పినా వినలేదు, పైగా పిల్లల మీద ఒట్టేస్తున్నాడు, రేపే పనిలోంచి తీసేయిస్తాను అంది, నేను కాఫీ చేతికిచ్చి, పోనీలే పాపా అన్నాను, అంతే అన్నాను, రాత్రంతా నీకు మాత్రం చెప్పుకున్నాను, నీకు చెప్పడం సులువు, నువ్వు ఎదురు ప్రశ్న వేయవు, అలా చెప్పుకుంటే పాపం పోతుందా స్వామీ, అయ్యనార్ పని నిలుస్తుందా.

వంటింట్లోంచి పులుసు వాసన, మా అవ్వనాటి మట్టిచట్టి, సబ్బు తగలనివ్వం, వేణ్ణీళ్ళతో తొలిచి బోర్లిస్తాం, కోడలు సుధ కొత్తలో సబ్బుతో తోమితే, ఏంది సుధా, అవ్వ చేతి రుచినంతా తోమేస్తివే అని అరిచాను, చట్టికి కూడా మడి కడతారా అత్తా అని అది నవ్వితే మూడు రోజులు ఆ చట్టి దాని చేతికివ్వలేదు, తమిళ బడుల్లో చదివిన మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, మేము యాడినుంచి వచ్చామో చెప్పడానికి ఇంట్లో మిగిలింది ఆ పులుసే, మరి ఆ పెంకు, దానికి అంటిన ఆ నలుపు, నేను మైల అనుకుని రుద్దింది, ఎవరో ఇల్లాలు ఊరుగాని ఊళ్ళో సబ్బు తగలనివ్వకుండా దాచుకున్న రుచి కదా, మెట్ల మీద చెప్పుల చప్పుడు, దిగుతోంది, అయ్యనార్ దగ్గరికే, దీపం ఉండనీ, వచ్చి పోస్తాను, అభినయా, ఆగు పాపా, అయ్యనార్‌ని ఏమీ అనొద్దు, ఆ పెంకు కడిగింది నేను.