లేబుళ్ళు కత్తిరించిన చెయ్యి

ఏరు కట్ట తెంచుకుని సైనికుల క్వార్టర్లలో నడుములోతు నీళ్ళు నిలిచిన ఏడాది అది. వరద తీసిన నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, హవల్దారు భార్య సంక్షేమ హాల్లో నేలమీద కూర్చుని దిండుగలీబులకున్న లేబుళ్ళు కత్తిరిస్తోంది.

ముప్పై ఆరు గలీబులు. పట్నంలో పెద్ద దుకాణం నుంచి తెప్పించినవి. మర్నాడు జనరల్ గారి భార్య చూడడానికి వస్తున్నారు. ఇవన్నీ ఇక్కడి సైనికుల భార్యలే కుట్టారని చెప్పాలి. అది కమాండరు గారి భార్య ఏర్పాటు. అందరూ ఆవిణ్ణి మేడమ్ అంటారు. చెడ్డ మనిషేం కాదు. వరదలో తన కారులోనే పిల్లల్ని ఒడ్డుకు చేర్చింది.

"మీరు కుట్టిన సంచులు గట్టివేనమ్మా, కాదన్ను. కానీ కంటికి ఇంపుగా ఉండొద్దూ? వాటిని బల్ల కింద పెట్టించు. నీ దగ్గర మంచి కత్తెర ఉందిగా, ఈ లేబుళ్ళ సంగతి నువ్వే చూడు" అని చెప్పి వెళ్ళింది.

కత్తెర మంచిదే. పెళ్ళికి ముందు ఆమె దర్జీ దుకాణంలో బట్ట కత్తిరించేది. పెళ్ళయ్యాక ఆ కత్తెర ట్రంకుపెట్టె అడుగున పడి ఏడు ఊళ్ళు తిరిగింది. పద్నాలుగేళ్ళు. ఏ ఊరి పరదాలు ఇంకో ఊరి కిటికీలకు సరిపోలేదు. ప్రతిచోటా మళ్ళీ బడి వెతకడం, మళ్ళీ గ్యాస్, మళ్ళీ పాలవాడు, పిల్లదాని జ్వరానికి మళ్ళీ కొత్త డాక్టరు. ఆయన సరిహద్దులో ఉంటే ఫోను మోగినా భయం, మోగకపోయినా భయం. ఎక్కడన్నా పని చూసుకుంటానంటే ఆయన నవ్వేవాడు. "రెండేళ్ళకోసారి పెట్టె సర్దేవాళ్ళకు ఎవరిస్తారే పని?" అత్తగారైతే ఫోన్లోనే తేల్చేసింది. "వాడు దేశాన్ని చూసుకుంటాడు, నువ్వు వాణ్ణి చూసుకో. అంతకన్నా పనేముంది నీకు?" నిజమే కాబోలు అనుకుంది చాలాకాలం.

ఆ అనుకోవడం వరదలో కొట్టుకుపోయింది. స్టోర్సు వెనక పాడైన గుడారాలు గుట్టగా పడేశారు. పిల్లల పుస్తకాల సంచులన్నీ నీళ్ళపాలయ్యాయి. ఆమె స్టోర్సు వాళ్ళనడిగి ఆ గుడ్డ తెచ్చుకుంది, కత్తెర పైకి తీసింది. ఈ హాల్లోనే పదకొండుమంది చేరారు. డ్రైవరు భార్య మొదటి సంచికి పట్టీ తలకిందులుగా కుట్టింది. భుజాన వేసుకోగానే పుస్తకాలన్నీ నేలమీద పడ్డాయి. ఆ రోజు నవ్విన నవ్వు ఆ హాలు ఎప్పుడూ విని ఉండదు. ఇప్పుడు క్వార్టర్ల పిల్లలందరి వీపున అవే సంచులు.

పన్నెండో లేబులు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గలీబు లోపలి అంచులో చిన్న చీటీ ఉంది, దానిమీద పెన్నుతో వేసిన అంకె. కుట్టిన మనిషి గుర్తు అది. దర్జీ దుకాణంలో తనూ కత్తిరించిన ప్రతి చొక్కా కాలరు లోపల సుద్దతో ఒక గీత పెట్టేది. కొలత తప్పితే ఆ చొక్కా తిన్నగా తన దగ్గరికే వచ్చేది. తిట్లూ తనవే, మెప్పూ తనదే. ఇప్పుడు ఎక్కడో ఒకామె రోజంతా మిషను ముందు నడుం వంచి కుడితే, ఆమె ఆనవాలును నేనా కత్తిరిస్తున్నది? నా చెయ్యి ఉండీ లేనట్టు పద్నాలుగేళ్ళు బతికినదాన్ని, ఇంకో ఆడమనిషి చెయ్యి నేనే మాయం చేయనా?

కత్తెర పక్కన పెట్టింది.

సాయంత్రం, ఆ అబద్ధం తను చెప్పనంటే హవల్దారు బూటు విప్పుతూ ఆగిపోయాడు.

"ప్రమోషను లిస్టు ఈ నెల్లోనే. పైకి పంపేది మేడమ్ గారి భర్తే. తెలుసా?"

"తెలుసు."

"ఒక్క గంట నవ్వుతూ నిలబడు. నీ సొమ్మేం పోతుంది?"

"నాకు ఉన్న సొమ్ము నా చేతిపని ఒక్కటేనండీ. పోతుంది."

"లిస్టులో నా పేరు లేకపోతే?"

"ఏడుస్తా. మీకన్నా ఎక్కువే ఏడుస్తా. అయినా అబద్ధం చెప్పను."

ఆయన రెండో బూటు విప్పకుండానే వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మర్నాడు జనరల్ గారి భార్య గలీబు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఎంత నున్నటి కుట్టు! ఎవరిదిది?" అన్నారు. మేడమ్ హవల్దారు భార్య వైపు చూసింది.

"అవి కొన్నవండీ. మేం కుట్టినవి బల్ల కింద ఉన్నాయి."

జనరల్ గారి భార్య తనే వంగి ఒక సంచి పైకి లాగారు. "ఎంత బరువు ఆగుతుందిది?"

"నన్ను కూచోబెట్టి మోసుకెళ్ళొచ్చండీ. మోసేవాళ్ళే దొరకాలి" అంది డ్రైవరు భార్య. ముందు జనరల్ గారి భార్య నవ్వారు, తర్వాత అందరూ. మేడమ్ నవ్వలేదు.

జనరల్ గారి భార్య కారు వెళ్ళిపోయాక మేడమ్ హాలు తలుపు వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుంది. "పరువు తీశావు. ఇక ఈ హాల్లో కుట్లూ గిట్లూ లేవు."

"మంచిది మేడమ్. రేపట్నుంచి మా వరండాలో కుట్టుకుంటాం. మీరూ రండి" అంది ఆమె. వెక్కిరింపుగా కాదు, నిజంగానే పిలిచింది. ఇంటిదాకా నడుస్తుంటే లోపల హాయిగా ఉంది.

ఆ సాయంత్రం హవల్దారుకు ఆ సంగతి అడిగి తెలుసుకోవలసిన పని లేకపోయింది. అప్పటికే క్వార్టర్లంతా చెప్పుకుంటున్నారు.

తెల్లారి ఆమె లేచేసరికి వరండాలో చప్పుడు. ఆయన సైకిలు బయటపెట్టి, నేల ఊడ్చి, చాపలు పరుస్తున్నాడు. పెరేడ్‌లో నిలబెట్టినట్టు తిన్నగా మూడు వరుసలు.

"ముందు వరుస సుబేదారు గారి భార్యకి. వెనక నాయక్‌ల భార్యలు. ఆ చివర డ్రైవరు భార్య" అన్నాడు తలెత్తకుండా.

"గుండ్రంగా వెయ్యండి" అందామె.

ఆయన చాపలు మళ్ళీ చుట్టాడు. గుండ్రంగా వేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. రెండుసార్లు తప్పు వేసి, మూడోసారి వేశాడు.