గోపాలప్ప కుర్చీకి పొడిగింపు

పొద్దున్నే వచ్చి చూసేసరికి నాలుగో డ్రమ్ము మళ్ళీ మాయమైంది. గోపాలప్ప ఏమీ కంగారు పడలేదు. టిఫిన్ సంచిని బాషా టీకొట్టు కొక్కేనికి తగిలించి, వెతుక్కుంటూ బయల్దేరాడు. నారింజరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, నడుముకు తెల్లపట్టీ; అది మాత్రం ఎంత దూరం పోతుంది పాపం! మొన్న ఇడ్లీ హోటల్ ముందు నిండా నీళ్ళతో దొరికింది. నిన్న క్రికెట్ ఆటలో వికెట్టుగా నిలబడి ఉంది. ఈ రోజు ఎవరిదో కొత్త కారు ముందు కనిపించింది. "దానికి నేను కాపలా, నీ కారుకు అది కాపలానా?" అని మూసి ఉన్న ఆ ఇంటి తలుపుకు నాలుగు చీవాట్లు పెట్టి, డ్రమ్మును దొర్లించుకుంటూ తెచ్చి దాని చోట నిలబెట్టాడు.

బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డు రద్దీ తప్పించుకోవాలనుకునే ప్రతివాడూ దూరే అడ్డరోడ్డు అది. రెండువైపులా గార్మెంట్ ఫ్యాక్టరీలు. షిఫ్టు వదిలితే ఆడవాళ్ళు గుంపులుగా రోడ్డు దాటాలి. బళ్ళవాళ్ళేమో కొంప మునిగినట్టు పోతారు. వాళ్ళ వేగం తగ్గించే ఉపాయం గీసివ్వమని నగరపాలికెవాళ్ళు ఒక డిజైన్ కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. గీసేముందు ఓ నెల ట్రయల్‌గా డ్రమ్ములు పెట్టి చూద్దామంది కంపెనీ. ఆ డ్రమ్ములకు కాపలాగా గోపాలప్పను పెట్టింది. ఆ నెల కాస్తా ఇప్పుడు మూడో ఏట నడుస్తోంది. ఒకసారి నీళ్ళ పైపులకని రోడ్డు తవ్వేశారు. ఒకసారి సంతకం పెట్టాల్సిన సారుకు బదిలీ అయింది. ఇంకోసారి కంపెనీ గీసిన బొమ్మలో మురిక్కాలువ రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయింది. పని ఆగినప్పుడల్లా కాంట్రాక్టు పొడిగించారు, దాని వెనకాలే గోపాలప్ప ఉద్యోగమూ సాగింది. ఆఖరి పొడిగింపు ఈ రోజుతో సరి. మళ్ళీ ఇస్తారో లేదో సాయంత్రం తేలిపోతుంది.

మనిషి బక్కపలచన. ముప్ఫై ఏళ్ళు గార్మెంట్స్‌లో ఇస్త్రీపెట్టె తోసి తోసి వీపు కాస్త వంగింది. కుడి ముంజేతి మీద కాలిన మచ్చ. కంపెనీ ఇచ్చిన నారింజ కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంది. మెళ్ళో విజిల్ ఉంది గానీ ఊదడు. మొదటిరోజు ఉత్సాహం కొద్దీ ఊదితే కట్టుడుపళ్ళ సెట్టు ఎగిరి ఓ స్కూటర్ ముందు పడింది. ఆ స్కూటరాయన బ్రేకు వేశాడు చూడండి, ఆ రోడ్డు మీద అంత శ్రద్ధగా బ్రేకు వేసినవాడు అంతకుముందు పుట్టలేదు. అప్పట్నుంచీ ఏ బండికైనా చెయ్యెత్తడమే.

కుర్చీ మాత్రం సొంతం. మెరూన్ రంగు, ఒక చెయ్యి చిట్లితే గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. భార్య వెంకటలక్ష్మి పాత్రల కొట్లో నెలనెలా చీటీ కట్టి తెచ్చుకున్న నాలుగు కుర్చీల్లో అదొకటి. నెలరోజులకేనని ఒట్టేసి తెచ్చాడు. ఇంటికి నలుగురొస్తే నాలుగోవాళ్ళను బియ్యం డబ్బా మీద కూర్చోబెట్టాల్సి వస్తోందని ఆవిడ ఏడుపు.

"ఏమయ్యా, ఈపొద్దుతో కాంట్రాక్టు అయిపోతాదంటివే. కుర్చీ లేకుండా ఇంటికొస్తే చూడు!" అంది పొద్దున.

"తెస్తాలేమే," అన్నాడు. పొడిగింపు రావాలని దారిలో మునేశ్వరుడికి టెంకాయ మొక్కుకున్న సంగతి ఆవిడకు చెప్పలేదు.

మొదట్లో కుర్చీ రోడ్డు పక్కనే వేసుకునేవాడు. అక్కడున్న ఒక్క కానుగచెట్టు నీడ మధ్యాహ్నం దాటాక మెల్లగా రోడ్డు మీదికి పాకుతుంది. దాని వెంబడే కుర్చీ. షిఫ్టు వదిలే వేళకు సరిగ్గా నడిరోడ్డున, రెండు డ్రమ్ముల మధ్య తేలాడు. ఎవరైనా వచ్చి లేవమంటారని అటూ ఇటూ చూశాడు. ఎవరూ అనలేదు. లారీ వచ్చింది, చూసింది, చుట్టూ తిరిగి పోయింది. ఆ తర్వాత నీడ ఉన్నా లేకపోయినా కుర్చీ అక్కడే.

జన్మలో ఎవరూ ఇవ్వని మర్యాద అది. అయిదుగురు పిల్లల ఇంట్లో పడుకుంటే జరుగు, బడిలో బెంచీ మీద జరుగు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ వస్తే జరుగు, బస్సులో ఎలాగూ జరుగు. ఆఖరికి పెళ్ళిలో ఫొటో తీసేవాడు కూడా "కొంచెం సైడుకు జరగప్పా" అంటే జరిగాడు. ఆ ఫొటోలో వెంకటలక్ష్మి నిండుగా ఉంటుంది, గోపాలప్పది ఒక భుజం, ఒక చెవి. అలాంటి మనిషి చుట్టూ ఇప్పుడు పెద్దపెద్ద కార్లు తిరిగి పోతున్నాయి. ఈ రోడ్డు పోతే మళ్ళీ పక్కకు జరిగే బతుకే కదా అని అతని దిగులు.

మధ్యాహ్నం చిక్కమునియప్ప ఆటో వచ్చి ఆగింది. రోజూ ఆగి తిట్టకపోతే అతనికి అన్నం అరగదు.

"ఏమప్పా, నడిమధ్యలో కూర్చుంటే మేమెట్ల పోయేది?"

"చుట్టూ పోప్పా."

"ఏం, మీ తాతదా రోడ్డు?"

"మా తాతది కాదు, ట్రయల్‌ది."

చిక్కమునియప్ప నవ్వాపుకోలేక, మెల్లగా చుట్టూ తిప్పుకొని పోయాడు.

పొద్దు వాలుతుండగా డిజైన్ కంపెనీ ఇంజినీరు హరిణి స్కూటీ మీద వచ్చింది. గుంటూరు పిల్ల. ఉండేది బ్రూక్‌ఫీల్డ్‌లో. హెల్మెట్ తీయకుండానే, "అంకుల్, ఎక్స్‌టెన్షన్ వచ్చేసింది! ఇంకో వన్ ఇయర్!" అని అరిచింది.

"అల్లా! ఈ రోడ్డు డిజైను నా మనవడి పెళ్ళికైనా అయితాదా?" అన్నాడు మహబూబ్ బాషా. అంటూనే అక్కడున్న వాళ్ళందరికీ ఉత్తపుణ్యానికి టీ పోశాడు. బళ్ళు నెమ్మదిస్తేనే కదా కొట్టు ముందు ఆగేది! గోపాలప్ప మునేశ్వరుడి గుడి వైపు తిరిగి గట్టిగా దణ్ణం పెట్టాడు.

హరిణి గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు. "అంకుల్... ఒక మాట. స్పీడ్ సగానికి తగ్గిందని రిపోర్ట్‌లో రాశాం. డ్రైవర్స్‌కి హ్యాబిట్ అయిపోయిందని కూడా రాశాం. అలా రాయకపోతే ఎక్స్‌టెన్షన్ ఇవ్వరు. మీటింగ్‌లో పెద్ద సారు అది చదివి, అలవాటయ్యాక ఇంక గార్డ్ ఎందుకన్నారు. డ్రమ్స్ ఉంటాయి అంకుల్. మీ పోస్ట్ తీసేశారు, రేపట్నుంచే." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సారీ అంకుల్. ఆ లైన్ రాసింది నేనే."

గోపాలప్పకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గుడి వైపు మరోసారి చూశాడు. మొక్కుకున్నది మొక్కుకున్నట్టే జరిగింది, తననొక్కణ్ణి వదిలేసి జరిగింది. మునేశ్వరుడి తప్పేముంది, పొడిగింపు కావాలన్నాడే గానీ ఎవరికో విడమరచి చెప్పలేదు.

"అలవాటయినారంటనా అందరూ?" అన్నాడు. "మంచిదే కదమ్మా. ఏడవద్దు. టీ చల్లారిపోతాంది, తాగు."

కోటు విప్పబోతే, "మీరే ఉంచుకోండి అంకుల్," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అంతలో షిఫ్టు వదిలారు. ఫ్యాక్టరీ గేట్లోంచి ఆడవాళ్ళు పొంగుకొచ్చారు, జడల్లో దూదిపోగులు, చేతుల్లో ఖాళీ క్యారియర్లు. గోపాలప్ప లేచి చెయ్యెత్తాడు. బళ్ళు ఆగాయి. రోజూ అందరికన్నా ఆఖర్న దాటే బేబీ అనే అమ్మాయి, "వస్తాం తాతా, రేపు చూస్తాం," అంది.

"పోయిరామ్మా," అన్నాడు. రేపటి మాట ఎత్తలేదు.

గుంపు పల్చబడ్డాక కుర్చీని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. వెంకటలక్ష్మి కోరిక తీరబోతోంది. రోడ్డు పక్కకు చేరాడో లేదో, ఖాళీ దొరికిందే చాలని రెండు డ్రమ్ముల మధ్య నుంచి ఓ బైకు దూసుకుపోయింది. మర్చిపోయిన క్యారియర్ కోసం మళ్ళీ రోడ్డు దాటబోయిన బేబీ కెవ్వుమని వెనక్కి గెంతింది.

"అలవాటైనారంట, అలవాటు!" అన్నాడు గోపాలప్ప. మూడేళ్ళలో అతనికి నిజంగా కోపం వచ్చింది ఆ ఒక్కసారే. తిరిగొచ్చి, కుర్చీని దాని చోటనే దించాడు. కోటు విప్పి కుర్చీ వీపుకు తొడిగాడు, విజిల్ తాడు దానికే వేశాడు. తర్వాత వచ్చిన కారు దూరం నుంచే వేగం తగ్గించింది.

బాషా టీకొట్టులోంచి అంతా చూశాడు. "కొట్టు మూసేటప్పుడు లోపలేస్తా. పొద్దున్నే మళ్ళా ఆడనే వేస్తా. నువ్వు పో అన్నా," అన్నాడు.

బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు వెనకనుంచి తోసుకుంటూ వచ్చి, "ముందుకు జరుగప్పా, జరుగు!" అన్నాడు. గోపాలప్ప కాలు అలవాటు కొద్దీ లేచింది. లేచిన కాలును మళ్ళీ అక్కడే పెట్టాడు.

"చుట్టూ పోప్పా," అన్నాడు.

కండక్టరు ఎగాదిగా చూసి, సంచి పైకెత్తి, ఒళ్ళు వంచుకొని చుట్టూ పోయాడు.

గుమ్మంలోనే వెంకటలక్ష్మి ఎదురైంది. కోటు లేని మొగుణ్ణీ, ఖాళీ చేతుల్నీ చూసింది. "కుర్చీ ఏదయ్యా?"

"డ్యూటీలో ఉండాది," అన్నాడు గోపాలప్ప.

అక్కడ బొమ్మనహళ్ళిలో అప్పుడే దీపాలు వెలిగాయి. చిక్కమునియప్ప ఆటో వచ్చి, ఆగి, తిట్టడానికి మనిషి కనిపించక మెల్లగా చుట్టూ తిరిగి పోయింది. నడిరోడ్డున, నారింజ కోటు తొడుక్కొని, మెళ్ళో విజిల్ వేసుకొని, కుర్చీ కూర్చుని ఉంది.