మూడు రోజులకే తుప్పు

గిటారు తీగలు మార్చడంలో ఆ బజారు మొత్తానికీ తీగల బాబాయిని మించినవాడు లేడు. అరవై దాటిన మనిషి. తీగలు కొన్న ప్రతివాళ్లకీ ఒకే పాఠం అప్పజెప్పేవాడు: "ముందు చేతులు కడుక్కో. వాయించాక పొడిగుడ్డ తీగ కిందకి దూర్చి తుడువు. పెట్టెలో పెట్టి మూతెయ్యి. చెమట ఇనుముని తినేస్తుంది."

ఆ పాఠాన్ని తు.చ. తప్పకుండా పాటించింది గిటారు నేర్పే టీచరమ్మ ఒక్కతే. ఆమె తీగలు రెండు నెలలైనా తళతళలాడేవి. అలాంటిది వానలు మొదలైన నెలలో వారానికే తిరిగొచ్చింది.

"బాబాయ్, నాకు పాత సరుకు అంటగట్టావా?"

"నీకా? నీ నోటికి భయపడైనా మంచివే ఇస్తాను కదమ్మా," అని నవ్వి గిటారు అందుకున్నాడు. తీగలు చూశాక నవ్వు ఆగిపోయింది. సన్నతీగల మీద ఎర్రటి పొక్కులు, లావుతీగలకు పచ్చని చిలుము. చెమట తుప్పయితే వేళ్లు పడేచోట పట్టాలి. ఇది వేలు సోకని చోట కూడా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేలా పట్టింది. తీగలు బిగించే మరలు కూడా నల్లబడ్డాయి.

కొత్తవి వేసి పంపాడు. మూడు రోజులకే మళ్లీ వచ్చింది.

ఈసారి ఆయన కొత్త తీగ ఒకటి తీసి రెండు ముక్కలు చేశాడు. ఒకటి దుకాణం గోడకు తగిలించి, రెండోది ఆమెకిచ్చాడు. "దీన్ని మీ ముందుగదిలో వేలాడదీయి. ఎవరూ ముట్టుకోవద్దు."

నాలుగో రోజు, శనివారం, ఆమె ఆ ముక్కను కాగితంలో చుట్టి తెచ్చింది. కాగితం విప్పగానే ఎర్రటి పొడి బల్ల మీద రాలింది. గోడనున్న ముక్క ఇంకా మెరుస్తూనే ఉంది.

"మీ ఇంటికి పద," అన్నాడు బాబాయి, దుకాణం తలుపు లాగేస్తూ.

టీచరమ్మ భర్త లారీ డ్రైవరు, నెలకు పదిరోజులే ఇంట్లో ఉంటాడు. మిగతా రోజుల్లో ఆమే, అత్తగారూ. కింద గోడౌను, పైన వీళ్ల రెండు గదులు. అత్తగారు కుట్టుమిషన్ ముందు కూర్చుని దగ్గుతూ ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాబాయి కిటికీ గడియ తీయబోతే బిగుసుకుపోయింది. సూదుల డబ్బా తెరిస్తే సూదులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గదిలో సన్నగా, ముక్కు మండించే వాసన.

"ఈ వాసన ఎన్నాళ్ల నుంచమ్మా?"

"వాసనా? ఏం వాసన?" అంది అత్తగారు.

ఆ ఘాటు ఆమె ముక్కుకి అలవాటైపోయిందని బాబాయికి అర్థమైంది. గబగబా కిందికి దిగాడు.

గోడౌను కాపలాదారు గేటు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఒంటరివాడు. అత్తగారు రోజూ టీ పంపుతుంది, అతను ఆమెను అక్కా అంటాడు. అడగగానే తలుపు తీశాడు. లోపల కప్పు దాకా బ్లీచింగ్ పౌడరు బస్తాలు. వాటిని ఆనుకుని యాసిడ్ క్యాన్లు. గోడౌను వెనకభాగం రేకుల సందులోంచి కారిన వాననీటికి కింది బస్తాలు ముద్దయ్యాయి.

"ఈ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని తెలుసా?" అన్నాడు బాబాయి.

"ఓనరుకి చెప్పానండీ. సోమవారం తీయిస్తానన్నారు."

టీచరమ్మ ఫోను చేస్తే మున్సిపల్ ఆఫీసువాళ్లూ సోమవారమే వచ్చి చూస్తామన్నారు.

"అంతవరకూ ఇక్కడ ఉండొద్దు, తమ్ముడూ," అన్నాడు బాబాయి.

"గేటు వదిలి ఎక్కడికి పోతానండీ? నేను బయటే కదా కూర్చునేది," అని అతను తలుపు మూసేశాడు.

పైన అత్తగారు ససేమిరా అంది. "తీగకి తుప్పు పట్టిందని ఇల్లు వదిలి పొమ్మంటావా? నలుగురూ వింటే నవ్వుతారు."

బాబాయి ఆమె కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు. "తెరవండి."

ఆమె రెండు చేతులతో లాగింది. తెరుచుకోలేదు.

"మొన్ననే గదా కొన్నాను," అంది మెల్లగా.

"ఇనుమే ఇలా అయితే మీ ఊపిరితిత్తుల సంగతేంటి?"

ఆమె లేచింది. సంచిలో బట్టలు కుక్కుకుంది. సాయంత్రం నాలుగింటికి ముగ్గురూ మెట్లు దిగారు. స్టూలు ఖాళీగా ఉంది. కాపలాదారు ఏ కొట్టుకో వెళ్లినట్టున్నాడు.

"వాడికి ఒకమాట చెప్పి పోదాం," అంది అత్తగారు.

"ఆటో ఆగింది అత్తయ్యా. రేపు వచ్చి చెబుదాం."

ఆదివారం తెల్లవారుతూనే వాన దంచికొట్టింది. ముగ్గురూ బాబాయి ఇంట్లో టీ తాగుతుండగా ఎదురింటావిడ టీచరమ్మకు ఫోను చేసింది. గోడౌనులోంచి పసుపుపచ్చ పొగ వస్తోందని, వీధి వీధంతా పరుగులు పెడుతోందని చెప్పింది. "మీరు ఎక్కడున్నారు? బతికే ఉన్నారా?" అని ఏడ్చింది.

"మేం బాగానే ఉన్నాం. కాపలా ఆయన బయటికొచ్చాడా?"

ఆమెకు తెలియదు. జరిగింది తర్వాత వీధివాళ్లు చెప్పారు.

అతను అందరికంటే ముందే బయటికొచ్చాడట. గేటు దాటి రోడ్డు మీదికి కూడా వచ్చాడట. అక్కడినుంచి పైకి చూసి, మూసి ఉన్న కిటికీలు చూసి, తువ్వాలు ముక్కుకు కట్టుకుని వెనక్కి పరుగెత్తాడట. "అక్కా, లేవండి అక్కా" అంటూ తలుపు బాదుతున్న చప్పుడు అవతలి వీధిదాకా వినిపించిందట. తలుపుకి తాళం ఉన్న సంగతి ఆ పొగలో కనపడలేదో, కనపడ్డా లోపల ఉన్నారనే అనుకున్నాడో. మాస్కులు వేసుకున్నవాళ్లు వచ్చేసరికి మెట్ల మీదే పడి ఉన్నాడు. ఆస్పత్రిలో రెండు రోజులున్నాడు. మూడో రోజు పోయాడు.

అత్తగారు కోడల్ని ఒక్కమాట అనలేదు. ఆ మౌనానికి టీచరమ్మ సగమైపోయింది. ఒకరోజు బాబాయి దగ్గరికొచ్చి, "ఆటోని ఒక్క నిమిషం ఆపుంటే?" అని అడిగింది. ఆయన చేతిలోని తీగ పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం తనూ అక్కడే నిలబడి ఉన్నాడు, తనకూ నోరుంది.

ఓనరు మీద కేసు నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా అత్తగారు దగ్గుకుంటూనే కోర్టుకి వెళ్లి ముందు బెంచీలో, ఓనరుకి ఎదురుగా కూర్చుంటుంది. ఆమెకు అటు కోడలు, ఇటు తీగల బాబాయి. ఓనరు ఇంతవరకూ ఆ బెంచీ వైపు చూడలేదు.