బేబి కూర్చున్న బొమ్మ

అరకు తీసుకెళ్దామని నాకే పుట్టింది బుద్ధి. నిరుడు వానల్లో జ్వరమొచ్చి కూతురు బేబి పోయినప్పటి నుంచి మా చెల్లెలు సోని మనిషి మనిషిలా లేదు. నాలుగు చోట్ల తిప్పితే కాస్త తేరుకుంటుందనుకున్నాను. ఏం తిప్పడం, నా మొహం! జీపు దిగీ దిగగానే వాన పట్టుకుంది. తలదాచుకుందామని బజారు చివర బొమ్మల గ్యాలరీలోకి దూరాం.

మా సవరల్లో మనిషి పోతే ఇంటి మట్టిగోడ మీద బియ్యప్పిండితో ఒక ఇల్లు గీసి, పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచి అందులో కూర్చోబెడతాం. ముందు ఇంత తిండి పెడతాం. అలా చేస్తేగాని వాళ్లకు నిలవ నీడ దొరకదు. బేబికి ఆ నీడే లేదు. సోని మొగుడు కామేష్ మట్టిల్లు పడగొట్టి స్లాబిల్లు కట్టాడు. నీలం రంగు వేసిన గోడ మీద పిండిగీతలేమిటని ఒప్పుకోలేదు, మూర్ఖుడు. గుంట రోజూ కలలోకొచ్చి గుమ్మం బయటే తడుస్తూ నిలబడుతోందని సోని ఏడుపు.

గ్యాలరీ గోడల నిండా మా సవర బొమ్మలే, అద్దాల ఫ్రేముల్లో. సోని ఒకదాని ముందు ఆగిపోయింది. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి ఇల్లు. లోపల డప్పులవాళ్లు, నెమళ్లు, గొడుగులు. నడుమ ఒక గది మాత్రం ఖాళీ.

"అప్పా, ఈ గదిలో ఎవులూ నేరు," అంది. మా వైపు అక్కను అప్పా అనే పిలుస్తాం.

"అయితే ఏటి? బేగి నడు, వాన తగ్గింది," అన్నాను. తగ్గలేదు. దాని చూపు చూసి భయమేసి అబద్ధమాడాను.

అది వింటేనా! సంచిలోంచి అంబలి సీసా తీసి, మూతలో ఇంత పోసి బొమ్మ కింద నేల మీద పెట్టింది. "బేబీ, రాయే. ఇక్కడ తడవవు. అమ్మ పిలుస్తంది, రా," అని గొణుగుతోంది. కౌంటరు దగ్గరి అమ్మాయి చూస్తే బయటికి పొమ్మంటుందని, నేను కొంగు పిండుకుంటున్నట్టు నటిస్తూ అడ్డంగా నిలబడ్డాను.

కాసేపటికి సోని కళ్లు తుడుచుకుంది. "వొచ్చింది అప్పా. కూకుంది," అంది.

ఎన్నాళ్లకు నవ్విందో! నాకూ ఏడుపు ఆగలేదు. గ్యాలరీలో పెట్టిన బొమ్మ గ్యాలరీలోనే ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. అప్పుడప్పుడు వచ్చి అంబలి పెట్టి పోదామని కూడా చెప్పుకున్నాం.

ఇంతలో ఒక జంట కారు దిగి లోపలికొచ్చారు. అన్నీ చూసి చూసి ఆ బొమ్మ దగ్గరే ఆగారు. కౌంటరు అమ్మాయితో ఏదో మాట్లాడారు. ఆ అమ్మాయి వచ్చి బొమ్మను మేకు నుంచి దించింది.

"ఏటి సేత్తన్నారు?" అంటూ సోని ఎదురెళ్లింది.

"వీళ్లు కొనుక్కున్నారండీ. ఇక్కడివన్నీ అమ్మకానికే కదా."

నేను కొన్నావిడకు అడ్డం వెళ్లాను. "అమ్మా, అదొక్కటి వదిలీండి. అందులో మా గుంట ఉంది."

ఆవిడ బొమ్మను తేరిపార చూసింది. "అవునా, మీ పాపను గీశారా? ఎంత బాగుందో! హైదరాబాదులో మా హాల్లో పెట్టుకుంటాం. జాగ్రత్తగా చూసుకుంటాంలెండి," అంది. మంచి మనిషే. తిడదామన్నా నాకు నోరు రాలేదు.

వానకు తడవకుండా కౌంటరు అమ్మాయి ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయబోయింది.

"మొకం మీద సుట్టకండమ్మా, దానికి ఊపిరాడదు!" అంటూ సోని ఆమె మీదికి దూకింది. ఆ అమ్మాయి బెదిరిపోయింది. నేనే చెల్లెల్ని పట్టుకుని వెనక్కి లాగాను. ఏం చేయను మరి?

కారు ఘాట్ రోడ్డు మలుపు తిరిగేదాకా సోని వానలోనే నిలబడింది. జీపెక్కమంటే ఎక్కదు.

"ఊరుకోయే. మనమే ఇంకో బొమ్మ గీయించి, అందులోకి పిలుద్దాం," అన్నాను.

"ఎలాగొస్తాదప్పా?" అంది సోని. "ఆ బొమ్మలోంచి కదలొద్దని ఇందాక నానే ఒట్టేయించుకున్నాను."