బ్రేకు మీద కాలు

మేకప్ గదిలో అద్దం ముందు కూర్చున్నాననుకుంటున్నాను కాని, అద్దంలో నా ముఖానికి బదులు రోడ్డు వెనక్కి పరిగెడుతోంది, కింద నేల వ్యానులా అదురుతోంది, వెనక సీట్లో నా స్టేజీ జోడీ గౌరీపతి, పోయి రెండేళ్లయినవాడు, తీరిగ్గా పెట్టుడు మీసానికి జిగురు రాసుకుంటున్నాడు.

"ఏట్రా భానోజీ, ఇంకా 'నవ్వుల జోడీ' అనే బోర్డు కడతన్నావా?"

"నవ్వులున్నాయిరా, జోడీయే లేదు. నీ డైలాగుకి చోటొదిలి ఆగుతున్నాను. జనం ఆ ఖాళీనే జోకనుకుని నవ్వేస్తున్నారు."

వాడి ఒళ్లో నా ఫారం ఉంది. ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్ల మనసుల మీద పరిశోధన చేస్తున్న డాక్టరు మృదుల ఇచ్చిందది, నిజం రాస్తేనే ఎవరికైనా పనికొస్తుంది మాస్టారూ అని మరీ చెప్పి. గౌరీ పైకి చదువుతున్నాడు.

"'నిద్ర పడుతోందా?' 'దానికి నేను దొరకడం లేదు.' 'మరుపు ఎక్కువైందా?' 'జ్ఞాపకం లేదు.' 'గాయం మానిందా?' 'అది మానింది, నేనే మానలేదు.' ఓరి నీ ఎటకారం కాలిపోనూ! ఆ డాక్టరమ్మేటి, టిక్కెట్టు కొనుక్కొచ్చిందేట్రా?"

వాడు నవ్వుతుంటే కిటికీల్లోంచి చప్పట్లు వినిపిస్తున్నాయి, చప్పట్లు వానవుతున్నాయి, వాన జీడితోటలవుతోంది, చూస్తూండగానే భోజనాలయ్యాక అందరూ కునుకుతున్న ఆ మధ్యాహ్నమే వచ్చేసింది, నేను ముందు సీట్లో డ్రైవర్ అప్పలసూరి పక్కన ఉన్నాను.

"పదకొండో ప్రశ్న. 'ప్రమాద సమయంలో మీరేం చేస్తున్నారు?' 'నిద్రపోతున్నాను.' దీనికి జోకు లేదేటి?"

అక్కడ లేని బ్రేకును నా కుడికాలు తొక్కుతోంది. రెండేళ్లుగా ఏ బండెక్కినా ఇదే.

"నిద్రపోయింది నువ్వురా. నేను జోకు చెబుతున్నాను. అప్పలసూరి పగలబడి నవ్వుతూ నా వైపు తిరిగాడు. అప్పుడొచ్చింది కల్వర్టు, గుద్దేశాం. అతను కునుకు తీశాడని అందరూ అంటే అతనూ ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడతనికి ఎవరూ స్టీరింగు ఇవ్వడం లేదు."

తిడతాడని చూస్తున్నాను. సగం అతికిన మీసంతో ముందుకు వంగుతాడు.

"ఏ జోకురా?"

నోరు తెరుస్తాను. మూడువందల స్టేజీల మీద చెప్పిన జోకు, మొదటి మాటే రావడం లేదు.

"పోనీలే, నాకొద్దు. సూరన్నకి పనికొచ్చే ముక్క ఆ కాయితం మీద రాయి. ముందా కాలు తియ్యరా, నా బండి కదలాల."

"రావడం లేదురా..."

వాడు వంగి నా మడమ పట్టుకుంటాడు.

తెల్లవారింది. మంచం కొసన నా కుడికాలు గోడను తన్నిపట్టి ఉంది. అక్కడ గోడ మీద మడమంత గుంట, అరికాలినిండా సున్నం. తుడుచుకోకుండానే లేచి వెళ్లి, బల్ల మీది ఫారంలో 'నిద్రపోతున్నాను' కొట్టేశాను. రాయవలసింది రాశాక వెనక్కి తిరిగి చూస్తే, మంచం నుంచి బల్లదాకా ఒక్క కుడిపాదం గుర్తులే, తెల్లగా.